రెండు లిపుల ఇంట ఒక కంప్యూటరు: లైనక్స్ డెస్క్‌టాప్‌ల మార్పు, కూర్పు

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా మూడు దిక్కుల ఆంధ్రప్రదేశముచే ఆవరింపబడియున్నది. అందలి వల్లూరు, తిరుమణి, బలసముద్రము మున్నగు ఐదు గ్రామముల పొలములలో దాదాపు 13,000 ఎకరములమీద వెలసిన సౌర విద్యుత్కేంద్రము 2019 నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు చేరినది. ఈ సంగతి లోకవిదితము. లోకము అంతగా గమనింపనిది మరియొకటి కలదు. ఈ ప్రాంతమున పెక్కిండ్లలో ఇంటి మాట తెలుగు, బడి వ్రాత కన్నడము. మనుమడు తెలుగున కథ చెప్పగలడు గాని కన్నడ లిపియందే వ్రాయగలడు. సరిహద్దు కావలి మడకశిరనుండి కోడలుగా వచ్చిన ఇల్లాలు తెలుగు చదువును, కన్నడ లిపియొద్ద తడుముకొనును. అట్టి ఇంట ఒకే కంప్యూటరున్నచో దాని తెర ఏ భాష పలుకవలెను? సామాన్యముగా అది ఇంగ్లీషు పలుకును. అది ఇరువురికిని పరభాషయే.

ఈ చిక్కునకు లైనక్స్ నిర్మాణమునందే ఒక మార్గము కలదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లైనక్స్ యంత్రమును నడపు అంతర్భాగము మాత్రమే. తెరమీద కనబడు మెనులు, పట్టీలు, కిటికీలు దానికి అంగములు కావు. అవి పైన తొడిగిన వస్త్రము వంటివి. ఆ వస్త్రమునే డెస్క్‌టాప్ అందురు. దేహమును మార్చకయే వస్త్రమును మార్చవచ్చును.

వస్త్రములు అనేకములగుటకు చరిత్ర కారణము. 1996లో జర్మనీ దేశీయుడగు మతియాస్ ఎట్రిచ్ కె.డి.ఇ. అను డెస్క్‌టాప్‌ను తలపెట్టెను. దానికి ఆధారమైన క్యూటీ అను సామగ్రి ఆనాడు పూర్తిగా స్వేచ్ఛా షరతులకు లోబడినది కాదు. ఆ యభ్యంతరమువలన 1997లో మెక్సికో దేశీయులు మిగెల్ దె ఇకాజా, ఫెదెరికో మేన అనువారు గ్నోమ్‌ను ప్రారంభించిరి. క్యూటీ షరతులు తరువాత మారినను, పుట్టిన రెండు కుటుంబములును నిలిచినవి. 2011లో గ్నోమ్ మూడవ అవతారము పాత పద్ధతులను విడిచి క్రొత్త రూపమున వచ్చినప్పుడు పలువురు వాడుకరులు నొచ్చుకొనిరి. టోర్వాల్డ్స్ అంతటివాడే కొంతకాలము దానిని వదలి ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికపాటి డెస్క్‌టాప్‌ను ఆశ్రయించెను. అర్జెంటీనా వాడుకరి యొకడు పాత గ్నోమ్ ప్రతినే తీసికొని మాతే అను పేర కొనసాగించెను. ఒక కంపెనీ సొత్తైన వ్యవస్థలో ఇట్టి వాడుకరి సణుగుకొని యూరకుండవలసినవాడే.

మార్చు విధానము కష్టమైనది కాదు. కోరిన డెస్క్‌టాప్‌ను పంపిణీవారి భాండారమునుండి స్థాపించుకొని, నిష్క్రమించి, తిరిగి ప్రవేశించు తెరవద్ద పేరునకు చేరువనున్న చిన్న గుర్తును నొక్కినచో, ఉన్న డెస్క్‌టాప్‌ల జాబితా కనబడును. ఒకదానిని ఎన్నుకొని సంకేతపదమిచ్చిన చాలును. ఎవరి ఎంపిక వారి ఖాతాకే చెందును. కావున ఒకే యంత్రమున కోడలికి ఒక రూపము, మనుమనికి వేరొక రూపము ఏర్పడును.

అయితే ఒక ఖాతాయందే రెండు మూడు డెస్క్‌టాప్‌లను పరీక్షించుట మంచి పని కాదు. ప్రతిదియు తన అమరికలను ఆ వ్యక్తి ఇంటి ఫోల్డరులో, చుక్కతో మొదలగు పేరుగల దాగిన ఫోల్డరులందు వ్రాసికొనును. ఒకటి వ్రాసిన రంగులు, అక్షర పరిమాణములు, ఏ పత్రమును ఏ పరికరము తెరువవలెనను నిర్ణయములు మరియొకదానిలోనికి చొరబడును. మెనులో రెండేసి గణన యంత్రములు, మూడేసి వ్రాత పలకలు పోగగును. పరీక్షకై ప్రత్యేకముగా ఒక ఖాతాను తెరచుట శ్రేయము. రూపము మార్చుటకు ముందు ఆ దాగిన ఫోల్డరులకు నకలు తీసి యుంచవలెను. పాత యంత్రమునకు ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని మాతే గాని చాలును. మిలమిల మెరయు హంగులు దానికి భారమే. అలంకారమునందే నెలలు గడిపి పని మరచువారును లేకపోలేదు.

భాష విషయమున ఇంకను సూక్ష్మమైన సదుపాయము కలదు. అనువాదము లేని పదము వచ్చినచోట తెర సాధారణముగా ఇంగ్లీషునకు జారును. కాని గ్నూ అనువాద వ్యవస్థలో భాషలను వరుసగా పేర్కొనవచ్చును: మొదట తెలుగు, అది లేనిచోట కన్నడము, అదియు లేనిచోట ఇంగ్లీషు. కె.డి.ఇ. ప్లాస్మాలో ఈ వరుసను అమరికల పుటలోనే కూర్చవచ్చును. ఇతరములందు ప్రవేశ సమయమున చదువబడు దస్త్రములో ఒక పంక్తి వ్రాయవలెను. మనుమనికి కన్నడము ముందు, కోడలికి తెలుగు ముందు. సరిహద్దు గ్రామమునకు ఇంతకంటె తగిన అమరిక ఊహించుట కష్టము.

వ్రాతకు సంబంధించి రెండు లిపుల చుట్టరికము మిక్కిలి యుపకరించును. భారతీయ లిపుల సంకేతములకై 1991లో వెలువడిన భారత ప్రమాణమునందలి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డున ఎడమవైపు అచ్చులు, కుడివైపు హల్లులు. కన్నడమున "క" ఉన్న మీటయందే తెలుగు "క" యు నుండును. యూనికోడ్ పట్టికలోను ఇదే క్రమము: తెలుగు "క" సంఖ్య 3093, కన్నడ "క" సంఖ్య 3221, భేదము 128. తక్కిన అక్షరములకును ప్రాయికముగా ఇదే భేదము. బడిలో ఇన్‌స్క్రిప్ట్‌పై కన్నడము వ్రాయ నేర్చిన బాలుడు, కీబోర్డు భాషను మార్చినంతనే, వ్రేళ్లకు క్రొత్త పాఠము లేకయే తెలుగు వ్రాయగలడు. తాను వ్రాసినది చదువుటకే తెలుగు లిపిని నేర్వవలసియుండును.

ఫాంటుల యెంపికలో ఒక హెచ్చరిక అవసరము. తెలుగు వత్తులు పంక్తికి దిగువన వ్రేలాడును. ఇంగ్లీషు అక్షరములకై కొలిచిన సన్నని పట్టీలో అవి తెగిపోవచ్చును. పట్టీ యెత్తును, అక్షర పరిమాణమును కొంత పెంచుట మేలు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులును, లోహిత్ తెలుగు ఫాంటును ఉచితముగా లభించును.

తెలుగు తెరకై శ్రమించినవారు పెక్కుమంది. హైదరాబాదు కేంద్రముగా 2005లో ఆరంభమైన స్వేచ్ఛ ఉద్యమము తెలుగు లైనక్స్ పంపిణీని, పిల్లలకై బాల స్వేచ్ఛను వెలువరించినది. అనువాదములు ఇప్పటికిని సమగ్రములు కావు. ఉన్నవానియందును పదముల పేచీ కలదు. ఇంగ్లీషు "ఫైలు"కు తెలుగు తెర దస్త్రమనును, కన్నడ తెర కడత యనును. తెలుగున కడితమను పాత మాట ఆ కడతకు తోబుట్టువే. పావగడ వాడుకరికి కడితమే చేరువయని తోచినచో, తన యంత్రమున ఆ మాటను మార్చుకొనుటకు గాని, అనువాదక బృందమునకు ప్రతిపాదించుటకు గాని ఎవరి యనుమతియు కోరనక్కరలేదు.