ఎవర్నీ తిట్టని విరహం

బ్రేకప్ పాట అంటే మనకో ఫార్ములా అలవాటైపోయింది. హీరో మందు గ్లాసు పట్టుకుంటాడు, అమ్మాయిలందర్నీ కలిపి తిడతాడు, వెనకాల ఫ్రెండ్స్ స్టెప్పులేస్తారు. కాలేజీ బస్సులో నేనూ గొంతు పోయేలా పాడినవాడినే. అలాంటి చెవులకి ప్రతీక్ కుహాడ్ పాట మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక గిటార్, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఒక గొంతు. అంతే. ఎవర్నీ తిట్టడు. అరవడు కూడా.

జైపూర్ కుర్రాడు. న్యూయార్క్ యూనివర్సిటీలో మ్యాథ్స్, ఎకనామిక్స్ చదివాడు. (ఆ డిగ్రీ చేతిలో పెట్టుకుని పాటలు పాడతానంటే మన ఇళ్లలో ఏమంటారో మీకు తెలుసు.) ఢిల్లీకి వచ్చి 2015లో 'ఇన్ టోకెన్స్ అండ్ చార్మ్స్' విడుదల చేశాడు. 2016లో 'బార్ బార్ దేఖో' సినిమాకి ఒక పాట ఇచ్చాడు గానీ, బాలీవుడ్‌లోనే సెటిలైపోలేదు.

అసలు మలుపు 2018లో వచ్చిన 'కోల్డ్/మెస్'. ఆరంటే ఆరు పాటల ఈపీ. విడిపోవడమే మంచిదని తెలిసి కూడా వదల్లేకపోతున్న ఇద్దరి మనసు టైటిల్ పాటలో ఉంటుంది. జిమ్ సర్బ్, జోయా హుస్సేన్ నటించిన వీడియోని దర్ గాయ్ తీసింది. అందులో విలన్ లేడు, తప్పు ఎవరిదో తేలదు. మరుసటి ఏడాది ఒబామా తనకి నచ్చిన పాటల లిస్టులో దీన్ని పెట్టేసరికి, అప్పటిదాకా హాస్టల్ గదుల్లో తిరిగిన పాట ప్రపంచమంతా తిరిగింది. 2020 చివర్లో అమెరికన్ లేబుల్ ఎలెక్ట్రా అతనితో ఒప్పందం చేసుకుంది.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. గదిలో ఒంటరిగా పాడుకున్నట్టున్న బాధని పెద్ద స్టూడియోకి తీసుకెళ్తే ఏమవుతుంది? 2022లో వచ్చిన 'ది వే దట్ లవర్స్ డూ' ఆల్బమ్ అదే పరీక్ష. సియాటిల్ దగ్గర పాత పశువుల కొట్టాన్ని స్టూడియోగా మార్చిన బేర్ క్రీక్‌లో, లుమినీర్స్ మొదటి ఆల్బమ్ చేసిన ర్యాన్ హాడ్లాక్‌తో కలిసి రికార్డ్ చేశాడు. పదకొండు పాటలు, అన్నీ ఇంగ్లిష్‌లో. సౌండ్ నిండుగా, అందంగా ఉంది. కానీ నిజం చెప్పాలంటే, కొన్నిచోట్ల ఆ అందమే అడ్డొచ్చింది. డ్రమ్స్ ముందుకొచ్చినప్పుడల్లా ఆ గొంతు ఒకడుగు వెనక్కి వెళ్లినట్టు అనిపించింది. వాయిద్యాలు తగ్గిన చోట మాత్రం పాత ప్రతీక్ మళ్లీ దొరికాడు.

2020 లాక్‌డౌన్‌లో వచ్చిన హిందీ పాట 'కసూర్' దీనికి పూర్తిగా వేరు. వీడియోలో సెట్టింగులు లేవు, ఇళ్లలో కూర్చున్న మనుషుల మొహాలే. ప్రేమ గుర్తొచ్చినప్పుడు మొహంలో ఏం మారుతుందో చూపించారంతే. నన్నడిగితే పదకొండు పాటల కన్నా ఇదొక్కటే ఎక్కువ చెప్పింది.

విరహం మనకేం కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలోనే క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుడి మీద అలిగింది, నిలదీసింది, రాకపోతే కుమిలిపోయింది. ఆమె మాటలు అప్పటి మనుషులు మాట్లాడుకునే మాటలకి దగ్గరగానే ఉంటాయి. మరిప్పుడు? 'కోల్డ్/మెస్' లాంటి పాట తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి చిక్కు పిలుపు దగ్గరే వస్తుంది. సినిమా పాట 'ప్రియా', 'చెలియా' అంటుంది. వాట్సాప్‌లో ఎవరినైనా చెలియా అని పిలిచారా మీరు? 'ఒసేయ్', 'రేయ్', 'బంగారం', లేదంటే ఉత్త 'తిన్నావా?'. అర్ధరాత్రి టైప్ చేసి, పంపకుండా డిలీట్ చేసే ఆ 'తిన్నావా' మీద ఒక ఆల్బమ్ ఎవరైనా చేస్తే బాగుండు. మొదటి రోజే వింటా.