నురగల గంగమీద తొలి సవారీ

గంగలో మునకేయడానికి ఋషికేశ్ వెళ్లే తెలుగువాళ్లకు కొదవలేదు. ఆ మునకనే ఇంకోరకంగా వేసొస్తున్న కుర్రకారూ తక్కువేం లేరు. నెత్తిన హెల్మెట్, ఒంటికి బిగించిన లైఫ్‌జాకెట్, చేతిలో తెడ్డు... గాలి నింపిన రబ్బరు పడవలో ఏడెనిమిదిమంది. వెనక కూర్చుని అరిచి చెప్పే గైడు. ఎదురుగా లేచిన అల బిందెలకొద్దీ నీళ్లు ముఖాన కుమ్మరిస్తుంటే, భయమో సంతోషమో తెలియని కేకలు! అదే వైట్‌వాటర్ రాఫ్టింగ్.

'మావాడికి ఈత రాదండీ' అంటారు పెద్దవాళ్లు. తేలికపాటి ప్రవాహాల్లో రాఫ్టింగ్‌కి ఈత తప్పనిసరి కాదు. ఆ వడిలో ఈత వచ్చినవాడినైనా రానివాడినైనా తేల్చేది లైఫ్‌జాకెట్టే. నాకేం, ఈత వచ్చుగా అని బెల్టులు వదులుగా పెట్టుకునేవాడి గురించే అసలు బెంగపడాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్టు చెవులదాకా వచ్చిందంటే బిగించడం సరిపోలేదన్నమాట.

నీళ్లను చదవాలి

కొండవాగులు వానాకాలంలో బండరాళ్లను దొర్లించుకొచ్చి నదిలో పడేస్తాయి. అక్కడ దారి ఇరుకై, వాలు పెరిగి, రాళ్లకు కొట్టుకున్న నీటిలో గాలి కలిసి తెల్లగా నురగలెత్తుతుంది. అలాంటిచోటే ర్యాపిడ్. తీవ్రతను బట్టి ఒకటి నుంచి ఆరు గ్రేడ్లుంటాయి. ఒకటంటే పిల్లలాట. ఆరు జోలికి ఆరితేరినవాళ్లు కూడా అంత తేలిగ్గా పోరు. తొలిసారి వెళ్లేవాళ్లకు రెండు, మూడు చాలు.

మనకు అంతా ఒకే నురగలా కనిపించేచోట గైడుకు దారి కనిపిస్తుంది. నున్నటి నీరు ప్రవాహం వెళ్లేవైపు మొన తిరిగిన 'వి' ఆకారంలో ఉంటే పడవ అటు పోవచ్చు. మొన ఎగువకు తిరిగి ఉంటే అక్కడ రాయి దాక్కున్నట్టే. రాయిమీంచి దూకిన నీరు మళ్లీ వెనక్కి మడతపడేచోటు మరీ మోసకారిది, పడవను పట్టుకుని వదలదు.

అందుకే గైడు 'ఫార్వర్డ్' అంటే ఆలోచించకుండా తెడ్డు వేయాలి. పెద్ద అల ఎదురవగానే తెడ్డు వదిలేసి పడవను పట్టుకోవాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే వేయాలి! వేగం ఉన్న పడవే అలను చీల్చుకుపోతుంది. తెడ్డు పైకొసనున్న టీ ఆకారపు పిడిని మాత్రం వదలకూడదు. పక్కవాళ్ల పళ్లు భద్రంగా ఉండాలిగా మరి!

పడిపోతే... వెల్లకిలా తేలాలి, పాదాలు ప్రవాహం వెళ్లేవైపు చాచాలి. రాయి ఎదురైతే కాళ్లతో తన్నుకోవచ్చు. నడుంలోతేగా అని లేచి నిలబడితే మాత్రం ప్రమాదం. పాదం రాళ్లసందులో ఇరుక్కుంటే వెనకనుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. గైడు విసిరిన తాడును పట్టుకోవాలి తప్ప చేతికి చుట్టుకోకూడదు. ఈ పాఠమంతా హిందీలోనో ఇంగ్లిషులోనో సాగుతుంది. అర్థంకాకపోతే మొహమాటపడకుండా ఒడ్డునే మళ్లీ చెప్పించుకోండి.

డ్యామ్ తలుపు తెరిస్తే...

హిమాలయ నది అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది 2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లు రాఫ్టింగ్ చేయలేదు. ఫొటోలకోసం రాళ్లమీదికి దిగారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు చూస్తుండగానే చుట్టుముట్టింది.

విచిత్రమేమిటంటే, మహారాష్ట్రలోని కోలాడ్‌లో రాఫ్టింగ్ జరిగేదే అలా వదిలిన నీటితో. ఎగువన జలవిద్యుత్ కేంద్రం ఉదయంపూట నీరు వదిలితే కుండలిక నది నిండుతుంది, పడవలు బయల్దేరతాయి. తేడా ఒక్కటే... నీరెప్పుడు వస్తుందో అక్కడ అందరికీ తెలుసు. అనుభవమున్న గైడుతో, జాకెట్టు బిగించుకుని నది మధ్యలో వెళ్లేవాడికంటే, ఏమీ లేకుండా ఒడ్డురాళ్లమీద సెల్ఫీ దిగేవాడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడనాలి.

గైడును చూసి ఎంచుకోవాలనేది ఇందుకే. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 జూన్‌లో, తగిన నిబంధనలు తెచ్చేవరకూ రాష్ట్రంలో రాఫ్టింగ్ ఆపేయమని ఆదేశించింది. పదో పరకో తగ్గిస్తామనేవాళ్ల వెంటపడేకన్నా లైసెన్సు ఉందా, పక్కన రక్షణకు కయాక్ వస్తుందా, హెల్మెట్ తలకు సరిపోయిందా అన్నవి చూసుకోవడం మేలు. గుండెజబ్బున్నవాళ్లు, గర్భిణులు ఒడ్డునుంచే చూడాలి. మందు తాగి పడవెక్కడం అసలే వద్దు.

ఋషికేశ్‌లో కొత్తవాళ్లకు బ్రహ్మపురి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, కాస్త ధైర్యం ఉంటే శివపురి నుంచి పదహారు. 'రోలర్ కోస్టర్', 'గోల్ఫ్ కోర్స్' లాంటి పేరుమోసిన ర్యాపిడ్లు శివపురి దారిలోనే తగులుతాయి. కౌడియాల నుంచి మొదలయ్యే ముప్పయ్యారు కిలోమీటర్ల దారిలో 'ది వాల్' ఉంది, అది తొలిసారికి కాదు. వరదనీటి కారణంగా జులై, ఆగస్టుల్లో మూసేస్తారు. మిగతా నెలల్లో వెళ్లొచ్చు కానీ డిసెంబరు, జనవరిల్లో ఆ నీళ్లు ఎముకలు కొరికేస్తాయి.

ర్యాపిడ్లన్నీ దాటాక గంగ చెరువులా నెమ్మదిస్తుంది. అప్పుడు గైడే 'ఇక దిగండి' అంటాడు. పడవచుట్టూ కట్టిన తాడు పట్టుకుని ఒక్కొక్కరే నీళ్లలోకి జారతారు, ఈతరాని వాళ్లతో సహా. రామ్‌ఝూలా కనిపించేదాకా ఎవరికీ పడవెక్కాలనిపించదు.