మీకు తెలుసా? మూడు స్టేషన్ల అవతలి ప్రింటర్

హాల్‌టికెట్ల సీజన్‌లో దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపులో ప్రింటర్ మొరాయిస్తే, ఎల్బీనగర్‌లో ఉన్న టెక్నీషియన్ మెట్రో ఎక్కి మూడు స్టేషన్లు రానక్కర్లేదు. షాపు కంప్యూటర్‌లో లైనక్స్ ఉండి, బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్‌తో లోపలికి దారి ఉంటే చాలు. ‘ఎల్‌పీస్టాట్ -p’ కొడితే ఏ ప్రింటర్ ఆగిందో కనిపిస్తుంది. ‘క్యాన్సిల్’తో క్యూలో అడ్డుపడ్డ జాబ్ పోతుంది. కొత్త ప్రింటర్‌ను చేర్చడమంటారా, ‘ఎల్‌పీఅడ్మిన్’తో ఒక్క లైను. కాగితం ఇరుక్కుంటే మాత్రం మనిషి రావాల్సిందే!

ఈ కమాండ్ల వెనకున్న ‘కప్స్’ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మైకేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టారు. దాని పోర్టు 631.

ప్రింటర్ నేరుగా జాబ్‌లు అందుకునే 9100 పోర్టును మాత్రం రౌటర్‌లో బయటికి తెరవకండి. అది సాధారణంగా పాస్‌వర్డ్ అడగదు. 2018 నవంబరులో ఓ యూట్యూబర్ అభిమాని ప్రపంచమంతా వేల ప్రింటర్లలో ప్రచార కాగితాలు కొట్టించింది ఆ దారిలోనే.