ఫతేమైదానమున ఘంటసాల

గోలకొండకు చేరువ నున్న రాయదుర్గము నేడు గాజుమేడల సీమ. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు భవనము వెలసిన పిమ్మట ఈ పరిసరముల రూపే మారిపోయినది. ఇచ్చట పనికి పోవు యువతీయువకుల చెవులలో సదా ఏదో యొక పాట మ్రోగుచునే యుండును. కోరిన గానము కోరిన క్షణమున లభించు కాలమిది. అయినను, గాయకుని కన్నులార చూచి, ఆ పాటను చెవులార విని, ఆ యొక్క సాయంకాలమును బ్రతుకంతయు తలచుకొనువారు ఈ మేడలలో మనుమలతో కాలము గడపు పెద్దలలో నుండకపోరు.

1970 ఫిబ్రవరి 1వ తేదీ యట్టి దినము. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి సినీ సంగీత రజతోత్సవమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము హైదరాబాదున లాల్ బహదూర్ స్టేడియములో జరపెను. పెద్దలు దానిని ఫతేమైదానమనియే పిలిచెడివారు. ముప్పది వేలకు మించిన జనము వచ్చెను. అంతకు ముందటి 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమముతో నగరము అట్టుడికినది. అభిప్రాయములు వేరైనను ఆ పాట మాత్రము తెలంగాణము, కోస్తా, రాయలసీమ యను భేదము లేక ఇంటింటి సొత్తుగనే నిలిచెను.

నాటి శ్రోతలకు ఘంటసాల యనగా ప్రధానముగ ఒక కంఠము. రేడియోలో, గ్రామఫోను పలకపై, వెండితెరపై వినబడునదే గాని కనబడునది కాదు. ఒకనాడు రామారావుగారి పెదవులపై, మరియొకనాడు నాగేశ్వరరావుగారి పెదవులపై పలికిన గొంతు అది. 1960లో వచ్చిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము'న స్వామి సన్నిధిని పాడుచు తానే కనుపించుట అరుదైన విషయము. కనుక, హార్మోనియము ముందు కూర్చున్న ఆ మనిషిని ప్రత్యక్షముగ చూచుట, ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాసిన ఆప్తుని మొదటిసారి కలిసికొనుట వంటిది.

ఆ వేదిక వరకు ఆయన నడచిన దారి సుగమము కాదు. 1922లో గుడివాడ చెంత చౌటపల్లెలో జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. సంగీతవిద్వాంసుడవు కమ్మన్న తండ్రి మాటయే ఆస్తిగా, ఉన్న ఉంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకు విద్య నొసగిరి. పూట గడచుటకై జోలె పట్టి మధుకర మెత్తెను. 1942 ఉద్యమమున పాల్గొని చెరసాల కేగెను. 'పాతాళభైరవి', 'మాయాబజార్' చిత్రములకు సంగీతము కూర్చినదియు ఆయనయే. ఒకప్పుడు గృహస్థుల వాకిట భిక్షకై నిలిచిన గొంతును వినుటకు వేలాది జనము తామే తరలివచ్చిరి. ఆనాటి సంబరమున కంతటి యర్థము కలదు.

మరల ఎప్పుడైన చూడవచ్చునని ఆనాడు ఇంట నుండిపోయిన వారును ఉందురు. కాని కాలము ఆగదు. రజతోత్సవము జరిగిన నాలుగేండ్లకే, 1974 ఫిబ్రవరి 11న, ఏబది యొక్క యేండ్ల వయసున ఘంటసాల కన్ను మూసెను. అంతకు ముందే ముద్రితమైన భగవద్గీతా గానము నేటికిని వినబడుచున్నది. పలకపై నిలిచిన పాట ఎన్ని మారులు విన్నను మార్పు లేక ఒకే తీరున నుండును. సభలో పాడిన పాట అట్లు కాదు. గాయకుని ఊపిరి, శ్రోత నిశ్శబ్దము, ప్రక్కవాని చెమ్మగిల్లిన కన్ను కలిసిన పిమ్మటనే అది పూర్తి యగును. అది మరల దొరకదు. విన్నవారి జ్ఞాపకముననే దాని నివాసము.

ఆనాడు పదునేనేండ్ల బాలుడైనవాడు నేడు డెబ్బది చేరినవాడు. ఆ జ్ఞాపకములకును ఇక వ్యవధి తక్కువ. రాయదుర్గమున మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, అసెంబ్లీ స్టేషనులో దిగినచో ఆ మైదానము సమీపముననే యున్నది. ఒక ఆదివారము మనుమడు తాతగారిని వెంటబెట్టుకొని అచ్చటికి పోవచ్చును. ఏ మూలన కూర్చుంటిరి, ఏ పాటకు జనము లేచి నిలిచిరి అని అడుగవచ్చును. ఉపాధ్యాయులు ఆ సమాధానమునే వ్యాసముగా వ్రాయుడని పిల్లలను పురికొల్పిన మరియు మంచిది. పాట యంత్రములో భద్రముగనే యున్నది. దానిని ఎదుట కూర్చుండి విన్న అనుభవమును భద్రపరుపవలసినవారు మాత్రము మనుష్యులే.