కెరటోకోనస్‌ను తొలిదశలోనే గుర్తించడం అవసరం

కౌమార దశలోని పిల్లలకు కళ్లద్దాల నంబరు తరచూ మారుతున్నట్లయితే దానిని సాధారణ దృష్టిలోపంగా భావించరాదు. కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా పలుచబడి, శంకువు ఆకారంలో ముందుకు ఉబ్బే కెరటోకోనస్‌ వ్యాధికి అది సంకేతం కావచ్చును. చూపు మసకబారడం, దీపాల చుట్టూ కాంతి చెదిరినట్లు కనిపించడం ఇతర లక్షణాలు. అలర్జీ వల్ల కళ్లను తరచూ నులుముకోవడం వ్యాధి ముదరడానికి దోహదం చేస్తుంది.

అక్షరాల పట్టికతో జరిపే పరీక్షలో ఈ వ్యాధి తొలిదశలో బయటపడకపోవచ్చును. కార్నియా వంపును పటంగా చూపే టోపోగ్రఫీ, మందాన్ని కొలిచే పాకిమెట్రీ పరీక్షల ద్వారా నిర్ధారిస్తారు.

వ్యాధి ముదరకుండా నిలువరించేందుకు క్రాస్‌లింకింగ్‌ చికిత్స ఉపకరిస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌ వైద్యులు దీని తొలి ఫలితాలను 2003లో ప్రచురించారు. కంటిలో రైబోఫ్లేవిన్‌ (విటమిన్‌ బి2) చుక్కలు వేసి, అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసి కార్నియాను దృఢపరుస్తారు. మూల పద్ధతిలో ఈ రెండు దశలకు చెరి 30 నిమిషాలు పడుతుంది. అయితే ఇందుకు కార్నియా మందం కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారవచ్చును. పైగా ఈ చికిత్స ఉన్న చూపును కాపాడుతుందే తప్ప కోల్పోయిన చూపును పూర్తిగా తిరిగి తేలేదు.

చూపు మెరుగుకు కళ్లద్దాలు, గట్టి కాంటాక్ట్‌ లెన్సులు, స్క్లెరల్‌ లెన్సులు వాడతారు. కార్నియాపై మచ్చ ఏర్పడి లెన్సులతో ఫలితం లేనప్పుడు కార్నియా మార్పిడి చేస్తారు. ఈ వ్యాధిగ్రస్తులకు లాసిక్‌ చికిత్స తగదు. కుటుంబంలో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నట్లయితే పిల్లలకు కూడా టోపోగ్రఫీ పరీక్ష చేయించడం శ్రేయస్కరం.