ఐసు నీళ్లు తాగిన బండి

కొల్లేటి చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ పికప్ బేరానికి వెళ్లినవాళ్లు ముందుగా బానెట్ ఎత్తుతారు. ఎత్తాల్సిందే గానీ, ముందు వంగి బాడీ కింద చూడాలి. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద తిరిగిన బండంటే చేపలతో పాటు ఐసునూ మోసినట్టే. కరిగిన ఐసు నీళ్లు చేపల జిగురునీ నెత్తురునీ కలుపుకుని ట్రేల సందుల్లోంచి కారతాయి, రేకు అతుకుల్లోకి దిగి ఛాసిస్ అడ్డపట్టీల మీద నిలబడతాయి. అవి ఆరేలోపే మళ్లీ లోడు. తుప్పు పట్టడానికి ఇనుముకు గాలీ తడీ చాలు. ఆ తడిలో లవణాలుంటే విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి పని ఇంకా జోరందుకుంటుంది. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు మోసిన బండి సంగతి చెప్పక్కర్లేదు.

చిన్న సుత్తి పట్టుకెళ్లి ఛాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పొరలు లేచిన చోట మొద్దుగా పలుకుతుంది. కమాన్ కట్ట ఛాసిస్‌కి తగులుకునే బ్రాకెట్ దగ్గర, బ్రేకు పైపు పోయే దారిలో ఇంకాస్త ఓపిగ్గా చూడాలి. తాజాగా నల్ల రంగు కొట్టిన ఛాసిస్ మీద నాకు తుప్పు పట్టినదాని మీదకన్నా ఎక్కువ అనుమానం.

పికప్ చరిత్రకొస్తే, కారు ముందు భాగానికి వెనక తొట్టి తగిలించి ఫ్యాక్టరీలోనే తయారుచేసి అమ్మడం ఫోర్డు కంపెనీ 1925లో మొదలుపెట్టింది. మోడల్ టీ పికప్ ధర 281 డాలర్లు. మన డెల్టాలో అంతకుముందు నుంచీ బరువంతా పడవలది. కృష్ణా ఏలూరు కాలువ, గోదావరి ఏలూరు కాలువ కలిసేది ఏలూరులోనే. చేపల చెరువులు పెరిగాక చిక్కు వేరే వచ్చింది. హౌరా వెళ్లే లారీ రోడ్డు మీద ఆగిపోతుంది, సరుకేమో గట్టు చివర ఉంటుంది. ఆ మధ్య దూరానికి పనికొచ్చిన బండ్లలో టాటా ఏస్ ఒకటి. గిరీష్ వాఘ్ నాయకత్వంలో తయారై 2005లో బయటికొచ్చింది. ఇండికా కారు నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ని సగం చేసినట్టుండే రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్, 750 కిలోల లోడు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. టన్నుంపావు, ఆపైన మోసే బొలెరో పికప్ సరేసరి.

ఇంజన్ సంగతికొస్తే, మీటరు రీడింగ్‌ని నమ్మొద్దు, పెడల్ రబ్బర్ల అరుగుదల చూడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, ఇంజన్ బోరుకు దగ్గరపడిందని. హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరులో వేసి క్లచ్ వదిలితే ఇంజన్ ఠక్కున ఆగిపోవాలి. ఆగకుండా గుంజుకుంటుంటే క్లచ్ ప్లేటు జారుతోందన్నమాట. ఈ పల్లంలో ఘాట్ రోడ్లు లేవుగానీ తడిసిన నల్లమట్టి గట్టు ఎక్కడం అంతకు తక్కువేం కాదు.

కొన్నాక చాలామంది చేసే మొదటి మార్పు వెనక కమాన్‌కి ఒక పట్టీ ఎక్కువ వేయించడం. అయిదు పట్టీలున్న చోట అదే మందం ఆరోది వేస్తే బిగువు సుమారు అయిదో వంతు పెరుగుతుంది. బండి వెనక్కి కుంగదు కనక మోసే శక్తి పెరిగిందనిపిస్తుంది. పెరగలేదు. ఇరుసు అదే, టైర్లు అవే, బ్రేకులూ అవే. పైగా ఇందులో మెకానిక్కులు కూడా మరిచిపోయే మెలిక ఒకటుంది. చాలా పికప్‌లలో వెనక బ్రేకుకి వెళ్లే ఒత్తిడిని ఒక వాల్వు అదుపు చేస్తుంది. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య ఎడం ఎంతుందో ఒక కడ్డీ దానికి చెబుతుంది. ఎడం తగ్గితే లోడుందని వెనక బ్రేకు పెంచుతుంది, పెరిగితే ఖాళీ బండని తగ్గిస్తుంది. పట్టీ వేసి బండిని పైకి లేపితే, నిండు లోడు మీద కూడా ఆ వాల్వు ఖాళీ బండే అనుకుంటుంది! కాబట్టి పట్టీ వేయిస్తే కడ్డీని మళ్లీ సరిచేయించాలి. నన్నడిగితే లోడు పడ్డాకే పనిలోకి దిగే హెల్పర్ పట్టీ మేలు. రోజూ ఖాళీగా తిరిగేటప్పుడు నడుము విరగదు.

లాగుడు పని ఇక్కడ ఎక్కువగా ట్రాక్టరుదే. అయినా జనరేటరో, రేకు పడవో పికప్ వెనక తగిలించుకోవాలంటే హుక్కు బంపర్‌కి కాదు, ఛాసిస్‌కి బోల్టులతో బిగించాలి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ 3 మీటర్ల దూరం ఉందనుకోండి. వెనక ఇరుసుకి మీటరు అవతల హుక్కు మీద 100 కిలోలు పడితే వెనక చక్రాల మీద 133 కిలోలు పెరుగుతాయి, ముందు 33 కిలోలు తగ్గుతాయి. స్టీరింగ్ తేలికైపోతే డ్రైవరు సంతోషిస్తాడుగానీ అది సంతోషించే విషయం కాదు. అలాగని హుక్కు మీద బొత్తిగా బరువు లేకపోతే ట్రైలర్ తోక ఊపుతుంది. దాని మొత్తం బరువులో పదో వంతు అటూ ఇటూగా హుక్కు మీద ఉండాలి.

ఇక ఆపడం. రెండున్నర టన్నుల బండి 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే, దాన్ని ఒక్కసారి ఆపడానికి బ్రేకులు మింగే వేడి దాదాపు మూడున్నర లక్షల జౌళ్లు. లీటరుకు పైగా నీళ్లు మరగడానికి అది సరిపోతుంది. టన్ను ట్రైలర్ తగిలించి హైవే మీద 80కి వెళితే ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. ట్రైలర్‌కి సొంత బ్రేకు లేకపోతే ఆ భారమంతా పికప్ లైనింగుల మీదే. హారన్లకూ రంగు లైట్లకూ పెట్టే డబ్బు లైనింగులకూ డ్రమ్ములకూ పెట్టమని ఎవరికి చెప్పినా నవ్వుతారు.

రోజువారీ ఇంటి బండిగా కూడా కావాలంటే శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ ఉంది. సొంత వాడకానికి రిజిస్టరవుతుంది, బిగువైన ఛాసిస్, నాలుగు చక్రాలకీ లాగుడు. పొడవు మాత్రం 5 మీటర్లకు పైనే, ఏలూరు పవర్‌పేట సందుల్లో తిప్పి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. పసుపు ప్లేటు బండైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ఫైనాన్స్ తీరినట్టు కాగితం లేకుండా డబ్బు చేతులు మారకూడదు.

మార్పులన్నీ అయ్యాక తాడేపల్లిగూడెం రైసుమిల్లుల వైపు ఏదో ఒక కాటాకి వెళ్లండి. ఎప్పుడూ మోసే లోడుతో, వెనక ట్రైలర్‌తో, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే నిలిపి ఒకసారి తూయించి, బండి ప్లేటు మీద ఒక్కో ఇరుసుకీ రాసి ఉన్న కిలోలతో పోల్చి చూడండి.