కారు ఎగ్జాస్ట్ భాగాలకు ఉష్ణనిరోధక పూతలు: ఎంపిక, ప్రయోగ విధానం

వ్యాససంగ్రహం

కారు ఇంజను నుండి వెలువడే వాయువులను బయటికి పంపే భాగాలపై వేసే పూతలన్నింటినీ ‘ఉష్ణనిరోధక పూతలు’ అనే ఒకే పేరుతో వ్యవహరిస్తున్నాం. ఈ పేరులో రెండు వేర్వేరు ధర్మాలు కలిసిపోయాయి. ఒకటి వేడిని తట్టుకోవడం, రెండవది వేడిని ఆపడం. ఈ రెండింటినీ వేరు చేసి చూడకపోవడమే తప్పుడు ఎంపికకు ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆయా భాగాల ఉష్ణోగ్రత, పూతల రసాయన స్వభావం, ఉపరితల ఉద్గారత ఆధారంగా ఎంపికను, ఆపైన పూత వేసే క్రమాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, సిలికోన్ రెజిన్, జిర్కోనియా, ఉద్గారత, వ్యాకోచ గుణకం, ఉపరితల శుద్ధి.

1. ఉపోద్ఘాతం

డబ్బాపై అచ్చువేసిన గరిష్ఠ ఉష్ణోగ్రతను చూసి పూతను ఎంచుకోవడం మరమ్మతు షాపుల్లోనూ, ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లోనూ కనిపించే అలవాటు. అంత వేడిని తట్టుకునే పూత బానెట్ కింది వేడిని కూడా తగ్గిస్తుందని చాలామంది భావిస్తారు. ఈ భావన సరైనది కాదు. పెనం వేడిని తట్టుకుంటుంది, కానీ ఆపదు. పూతల విషయంలోనూ ఇదే భేదాన్ని పాటించాలి. స్పష్టత కోసం ఈ వ్యాసంలో వేడికి చెడిపోని పూతను ‘తాపసహ పూత’ అనీ, వేడి ప్రవాహాన్ని తగ్గించే పూతను ‘తాపరోధక పూత’ అనీ పేర్కొంటున్నాను.

2. ఎగ్జాస్ట్ మార్గంలోని పరిస్థితులు

పెట్రోలు ఇంజను పూర్తి భారంతో పనిచేసేటప్పుడు మ్యానిఫోల్డ్‌లోకి వచ్చే వాయువుల ఉష్ణోగ్రత సుమారు 800 నుండి 950 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. డీజిల్ ఇంజనులో ఇది సాధారణంగా తక్కువ. లోహపు గోడ ఉష్ణోగ్రత వాయువు కంటే తక్కువగా ఉంటుంది. వాయువు ముందుకు సాగేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి, కారు వెనుక ఉండే సైలెన్సర్ పరిస్థితి మ్యానిఫోల్డ్ పరిస్థితికి పూర్తిగా భిన్నం. అందువల్ల ఎగ్జాస్ట్ మార్గం మొత్తానికి ఒకే పూత సరిపోదు.

సైలెన్సర్‌కు అసలు శత్రువు వేడి కాదు, నీరు. ఒక లీటరు పెట్రోలు దహనమైనప్పుడు దాదాపు ఒక కిలో నీటి ఆవిరి పుడుతుంది. కొద్ది దూరపు ప్రయాణాల్లో సైలెన్సర్ తగినంత వేడెక్కదు. ఆ ఆవిరి లోపలే ద్రవీభవించి, వాయువుల్లోని ఆమ్ల పదార్థాలతో కలిసి ఉక్కును లోపలి నుండి తినేస్తుంది. బయట వేసిన పూత దీనిని ఆపలేదు.

మరొక అంశం వ్యాకోచం. ఒక మీటరు పొడవున్న 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 304 రకమైతే సుమారు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇంజను వేడెక్కిన ప్రతిసారీ పూత కూడా లోహంతోపాటు సాగి, మళ్ళీ ముడుచుకోవాలి. ఇలా సాగలేని పూత ఎంతటి ఉష్ణోగ్రతను తట్టుకునేదైనా చివరికి బీటలు వారుతుంది.

3. పూతల రకాలు

3.1 సిలికోన్ రెజిన్ రంగులు: వీటి బలం సిలికాన్–ఆక్సిజన్ బంధంలో ఉంది. ఈ బంధశక్తి మోల్‌కు సుమారు 450 కిలోజౌళ్ళు. మామూలు రంగుల్లోని కార్బన్–కార్బన్ బంధానికి అది సుమారు 350 కిలోజౌళ్ళు మాత్రమే. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు రెజిన్‌లోని సేంద్రియ సమూహాలు కాలిపోతాయి. మిగిలిన సిలికా వల వర్ణకాలను పట్టి ఉంచుతుంది. అల్యూమినియం రేకుల పొడి కలిపిన రకాలు 600 డిగ్రీల ప్రాంతం వరకు నిలుస్తాయి.

3.2 అల్యూమినియం పూత ఉక్కు: కరిగిన అల్యూమినియం–సిలికాన్ మిశ్రమంలో ముంచి తీసిన ఉక్కు ఇది. ఉపరితలంపై ఏర్పడే అల్యూమినియం ఆక్సైడు పొర లోహాన్ని రక్షిస్తుంది. సైలెన్సర్లు, పైపుల తయారీలో దీని వాడుక విస్తృతం. జింకు పూతకు ఈ స్థానంలో పనికివచ్చే గుణం లేదు. జింకు 419.5 డిగ్రీల వద్దే కరుగుతుంది.

3.3 గాజు ఎనామెల్: గాజు పొడిని పూసి, సుమారు 800 డిగ్రీల వద్ద కాల్చి చేసే పూత. పాత జాగ్వార్ కార్ల పోత ఇనుప మ్యానిఫోల్డ్‌లపై దీనిని చూడవచ్చు. క్షయాన్ని బాగా అడ్డుకుంటుంది కానీ పెళుసుగా ఉంటుంది. దెబ్బ తగిలితే పెచ్చులూడుతుంది.

3.4 ప్లాస్మా స్ప్రే జిర్కోనియా: శుద్ధ జిర్కోనియా సుమారు 1170 డిగ్రీల వద్ద స్ఫటిక రూపం మారి, ఘనపరిమాణంలో మార్పుకు లోనై పగులుతుంది. యిట్రియాను బరువులో 7–8 శాతం కలిపి దీనిని నివారిస్తారు. దీని వ్యాకోచ గుణకం పోత ఇనుముకు, 409 ఉక్కుకు దగ్గరగా ఉంటుంది. 304 ఉక్కుతో వ్యత్యాసం ఎక్కువ. లోహానికీ పింగాణీకీ మధ్య బంధన పొర తప్పనిసరి. దీనికి ప్రత్యేక యంత్రసామగ్రి కావాలి. హైదరాబాదులోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ వంటి పరిశోధన సంస్థలు ఈ ఉపరితల సాంకేతికతలపై కృషి చేస్తున్నాయి.

4. పూత వేడిని ఆపుతుందా?

ఈ ప్రశ్నకు సులువైన లెక్క సమాధానం ఇస్తుంది. బయటి ఉపరితలం 600 డిగ్రీల వద్ద ఉన్న పైపు నుండి చదరపు మీటరుకు 40 కిలోవాట్ల వేడి బయటికి పోతోందనుకుందాం. ఆ పైపుపై 50 మైక్రాన్ల మందం గల పూత ఉంది. దాని ఉష్ణవాహకతను మీటరుకు, కెల్విన్‌కు 1 వాట్‌గా తీసుకుందాం. అప్పుడు పూత లోపలి వైపుకూ, బయటి వైపుకూ ఉష్ణోగ్రతలో తేడా కేవలం 2 డిగ్రీలు. 300 మైక్రాన్ల జిర్కోనియాకు కూడా అదే వాహకతను అన్వయిస్తే తేడా 12 డిగ్రీలే. దీనిని బట్టి ఇంత పలుచని పొర వాహకత ద్వారా చెప్పుకోదగిన నిరోధం ఇవ్వదని తేలుతోంది.

అయితే అల్యూమినియం రంగు వేసిన పైపు పక్కన వేడి తగ్గినట్లు అనుభవంలోకి రావడానికి కారణం ఏమిటి? దానికి మూలం మందంలో కాక ఉద్గారతలో ఉంది. 600 డిగ్రీల వద్ద పరిపూర్ణ కృష్ణవస్తువు చదరపు మీటరుకు సుమారు 33 కిలోవాట్లు వికిరణం చేస్తుంది. ఉద్గారత 0.9 గల నల్లని పూత దాదాపు 30 కిలోవాట్లు, ఉద్గారత 0.3 గల అల్యూమినియం పూత దాదాపు 10 కిలోవాట్లు వెదజల్లుతాయి. ఉష్ణోగ్రత సమానంగా ఉందనుకుంటే, రంగు మార్పుతోనే వికిరణం మూడో వంతుకు తగ్గింది.

ఇక్కడ రెండు పర్యవసానాలను గమనించాలి. మొదటిది, బయటికి పోని వేడి లోహంలోనే నిలిచి గోడ ఉష్ణోగ్రతను పెంచుతుంది. కాబట్టి తాపరోధక పూతను ఎంచుకునే ముందు లోహపు ఆక్సీకరణ పరిమితిని సరిచూడాలి. రెండవది, బురద, మసి పేరుకుంటే ఉద్గారత పెరిగి ఆ ప్రయోజనం క్రమంగా పోతుంది. మెరిసే పైపును పరారుణ ఉష్ణమాపకంతో కొలిచినప్పుడు అసలు కంటే తక్కువ విలువ రావడానికీ ఉద్గారతే కారణం. ప్రయోగశాల కొలతల్లో థర్మోకపుల్ వాడడం శ్రేయస్కరం.

5. ఎంపిక

పై చర్చను బట్టి ఎంపికలో మొదట అడగవలసిన ప్రశ్న ‘ఎన్ని డిగ్రీలు?’ అని కాదు, ‘ఈ పూత ఏ పని చేయాలి?’ అని. టర్బో, మ్యానిఫోల్డ్ పక్కనున్న తీగలను, రబ్బరు గొట్టాలను కాపాడడమే ఉద్దేశమైతే తక్కువ ఉద్గారత గల పూత కావాలి. అది చాలకపోతే గాలి ఖాళీ ఉంచి అమర్చిన లోహపు కవచమే సరైన మార్గం. ఉత్ప్రేరక పరివర్తకానికి ముందున్న పైపులో వేడిని నిలపడం వల్ల మరో లాభం ఉంది. పరివర్తకం సుమారు 250–300 డిగ్రీలకు చేరాకే చురుగ్గా పనిచేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్–6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక చల్లని ఇంజను తొలి నిమిషాల ఉద్గారాలకు ప్రాముఖ్యం పెరిగింది. మధ్య పైపులకు తాపసహ రంగు చాలు. సైలెన్సర్‌కు పూత కంటే మూల లోహపు ఎంపిక ముఖ్యం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పు గాలిలోని క్లోరైడ్లు స్టెయిన్‌లెస్ స్టీలుపై కూడా గుంటలు చేయగలవు కనుక అక్కడ బయటి పూతకు విలువ ఎక్కువ.

6. పూత వేసే విధానం

పూత వైఫల్యాల్లో ఎక్కువ భాగం పైనుండి కాక అడుగునుండి మొదలవుతాయి. అందుచేత క్రమాన్ని పాటించడం అవసరం.

మొదట ద్రావణితో నూనె, గ్రీజు తొలగించాలి. ఇది బ్లాస్టింగ్‌కు ముందే జరగాలి. లేకుంటే గరుకు గుంటల్లోకి నూనె చొచ్చుకుపోతుంది. తరువాత అల్యూమినియం ఆక్సైడు రవ్వలతో బ్లాస్టింగ్ చేసి తుప్పును తొలగించి, ఉపరితలాన్ని సమంగా గరుకుగా చేయాలి. ఈ పనికి నది ఇసుకను వాడరాదు. అందులోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ కలిగిస్తుంది. 1948 నాటి కర్మాగారాల చట్టం మూడవ షెడ్యూలులో ఈ వ్యాధిని చేర్చారు. ఒక కారు పైపు అందం కోసం పనివాడి ఊపిరిని పణంగా పెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

శుద్ధి చేసిన ఉపరితలాన్ని వట్టి చేతులతో తాకకూడదు. మళ్ళీ తుప్పు పట్టకముందే, వీలైనంత త్వరగా పూత వేయాలి. సీలు కూర్చునే ముఖాలు, మరలు, ఆక్సిజన్ సెన్సర్ బిగించే స్థానాలను కప్పి ఉంచాలి. సిలికోన్ రంగును ఒక్కో పొర సుమారు 20–25 మైక్రాన్లకు మించకుండా పలుచగా వేయాలి. మందంగా వేస్తే చిక్కుకున్న ద్రావణి వేడికి ఆవిరై బొబ్బలు లేపుతుంది.

చివరిది కాల్చడం. చాలా సిలికోన్ రంగులు 200 డిగ్రీల ప్రాంతంలో గంటపాటు ఉంచితేనే పూర్తిగా గట్టిపడతాయి. తయారీదారు సూచించిన విలువే ఇందులో ప్రమాణం. కొలిమి లేనప్పుడు ఇంజనును కొద్ది నిమిషాలు నడిపి, చల్లార్చి, మళ్ళీ ఎక్కువసేపు నడిపి, దశలవారీగా వేడి చేయవచ్చు. తొలిసారి పొగ రావడం సహజం. అందుకే ఈ పనిని ఆరుబయట చేయాలి.

7. ముగింపు

ఎగ్జాస్ట్ పూత విషయంలో గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక అర్హత మాత్రమే, ఎంపికకు ఆధారం కాదు. పలుచని పూత వేడిని తన మందంతో కాక ఉపరితల ఉద్గారతతో నియంత్రిస్తుంది. దాని ఆయుష్షును వ్యాకోచంలో సామ్యం, ఉపరితల శుద్ధి నిర్ణయిస్తాయి. తాపసహ, తాపరోధక అనే భేదాన్ని మన సాంకేతిక పరిభాషలోనూ, తరగతి బోధనలోనూ స్థిరపరచగలిగితే ఈ అపోహలు చాలావరకు మొదట్లోనే తొలగిపోతాయి.